అణువుల కట్టుబడి

వరి కోతలయ్యాక గింజ మనిషికి, గడ్డి పశువుకి. తరతరాలుగా సాగుతున్న ఈ పంపకం వెనక రసాయనశాస్త్రం ఉంది. బియ్యంలో దాదాపు ఐదింట నాలుగు వంతులు పిండిపదార్థమే. గడ్డిని నిలబెట్టే ప్రధాన పదార్థం సెల్యులోజ్. రెండింటినీ ఆమ్లంతో పూర్తిగా విడగొడితే చివరికి చేతికొచ్చేది ఒకటే చక్కెర, గ్లూకోజ్. మొక్క ఒకటే, చక్కెరా ఒకటే. అయినా గింజ మన ఆకలి తీరుస్తుంది, గడ్డి మనకు అరగదు. ఒక గ్లూకోజ్‌ను పక్కనున్న గ్లూకోజ్‌కు అతికించిన తీరులో ఉంది ఈ తేడా అంతా.

ఈ అధ్యాయంలో చెప్పదలచింది కూడా అదే. జీవం వాడే ముడిసరుకు చాలా కొద్ది. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, ఫాస్ఫరస్, సల్ఫర్ అనే ఆరు మూలకాలతోనే కణంలోని పెద్ద అణువులన్నీ దాదాపుగా తయారవుతాయి. అవి నాలుగు కుటుంబాలు: పిండిపదార్థాలు, కొవ్వులు, ప్రోటీన్లు, న్యూక్లిక్ ఆమ్లాలు. ఏ అణువులో ఏమేం ఉన్నాయో జాబితా రాసినంత మాత్రాన దాని గుణం తెలియదు. ఏది దేనికి, ఏ వైపు నుంచి, ఏ వరసలో అతికిందో తెలిస్తేనే తెలుస్తుంది.

అతికించే పద్ధతి మాత్రం నాలుగు కుటుంబాల్లోనూ ఇంచుమించు ఒకటే. ఒక చిన్న అణువు నుంచి హైడ్రోజన్, రెండోదాని నుంచి హైడ్రోజన్–ఆక్సిజన్ జంట ఊడి, రెండూ కలిసి నీరుగా బయటికి పోతాయి. ఆ ఖాళీ అయిన చోట రెండు అణువుల మధ్య బంధం ఏర్పడుతుంది. విడగొట్టాలంటే దీనికి ఎదురు దిశలో నడవాలి: అతుకు దగ్గర ఒక నీటి అణువును చొప్పిస్తే బంధం తెగుతుంది. మనం తిన్నది అరగడమంటే ఇదే. అన్నమైనా, పప్పైనా, నెయ్యైనా ఒక్కో అతుకు దగ్గర ఒక్కో నీటి అణువు చేరి తెగాల్సిందే.

అన్నమూ గ్లూకోజే, చొక్కా గ్లూకోజే

గ్లూకోజ్ అణువులో 6 కార్బన్లు, 12 హైడ్రోజన్లు, 6 ఆక్సిజన్లు ఉంటాయి. నీటిలో అది ఎక్కువగా వలయం రూపంలో ఉంటుంది: ఐదు కార్బన్లు, ఒక ఆక్సిజన్ కలిసి కట్టిన ఆరు మూలల వలయం. ఆ వలయంలో ఒకటో నంబరు కార్బన్‌కు అంటుకున్న హైడ్రోజన్–ఆక్సిజన్ జంట, అంటే హైడ్రాక్సిల్ గుంపు, వలయానికి కింది వైపు ఉండొచ్చు, పై వైపు ఉండొచ్చు. కింద ఉంటే ఆల్ఫా, పైన ఉంటే బీటా. కాగితం మీద చూస్తే ఇది లెక్కలోకి రాని తేడా.

కానీ గొలుసు కట్టడం మొదలుపెడితే ఈ తేడాయే సర్వం అవుతుంది. ఆల్ఫా గ్లూకోజ్‌లను ఒకటో కార్బన్ నుంచి పక్కదాని నాలుగో కార్బన్‌కు అతికించుకుంటూ పోతే గొలుసు నిటారుగా సాగదు, మెలి తిరుగుతుంది. చుట్టుకు ఆరు గ్లూకోజ్‌లతో సర్పిలంగా మారే ఈ గొలుసు పేరు అమైలోజ్. దీనితోపాటు బియ్యంలో అమైలోపెక్టిన్ ఉంటుంది. అందులోనూ అవే అతుకులు, కాకపోతే మధ్యమధ్య ఆరో కార్బన్ దగ్గర్నుంచి కొమ్మలు చీలుతాయి. ఈ రెండింటి పాళ్లను బట్టి అన్నం తీరు మారుతుంది. అస్సాంలో పండే బోరా బియ్యంలో అమైలోజ్ చాలా తక్కువ, అందుకే అన్నం ముద్దగా బంకలా అంటుకుంటుంది. బాపట్ల పరిశోధన కేంద్రంలో పుట్టి బీపీటీ 5204గా పేరుపడిన సాంబ మసూరిలో అమైలోజ్ మధ్యరకంగా ఉంటుంది. ఆ అన్నం మెత్తగా ఉంటూనే మెతుకు మెతుకు విడివడుతుంది.

బీటా గ్లూకోజ్‌లను అతికిస్తే కథ వేరు. ప్రతి వలయమూ తన పక్కదానికి తలకిందులుగా తిరిగి అతుకుతుంది. దాంతో మెలి రద్దయి గొలుసు నిటారుగా సాగుతుంది. అదే సెల్యులోజ్. నిటారు గొలుసులు పక్కపక్కన చేరగానే వాటి హైడ్రాక్సిల్ గుంపుల మధ్య లెక్కలేనన్ని హైడ్రోజన్ బంధాలు ఏర్పడతాయి. ఒక్కో బంధం బలహీనమే, వేలకు వేలు కలిస్తే నీరు కూడా లోపలికి దూరలేనంత బిగువు. పత్తి దూదిలో 90 శాతానికి పైగా ఉన్నది ఈ సెల్యులోజే. అంటే మనం వేసుకున్న నూలు చొక్కా కూడా గ్లూకోజే. వానలో తడిసినా అది పంచదారలా కరిగిపోకపోవడానికి కారణం ఆ అతుకు.

నూలు చీరకు గంజి పెట్టడంలో ఈ రెండు గొలుసులూ కలుసుకుంటాయి. గంజిలోని పిండి గొలుసులు నూలు పోగుల మీద పరుచుకుని, ఆరే కొద్దీ సెల్యులోజ్‌తో హైడ్రోజన్ బంధాలు వేసుకుంటాయి. అందుకే చీర బిరుసెక్కి నిలబడుతుంది. ఉతికితే గంజి నీళ్లలో పోతుంది, నూలు మాత్రం మిగులుతుంది. రెండూ ఒకే చక్కెర గొలుసులైనా నీటి ముందు ఒకటి ఓడిపోతుంది, ఇంకొకటి నిలుస్తుంది.

అమైలోజ్ సర్పిలాన్ని వంటింట్లోనే గమనించవచ్చు. పల్చటి గంజిని చల్లార్చి, రెండు గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోయండి. ఒకదానిలో ఒక చుక్క టింక్చర్ అయోడిన్ వేస్తే నిమిషంలో ముదురు నీలం రంగు వస్తుంది. సర్పిలం లోపలి బోలు ప్రదేశంలోకి అయోడిన్ పరమాణువులు వరసగా దూరడం వల్ల పుట్టిన రంగు అది. ఆ గ్లాసును వేడినీళ్లలో ఉంచితే సర్పిలం సడలి అయోడిన్ బయటపడుతుంది, రంగు వెలుస్తుంది. చల్లారితే మళ్లీ వస్తుంది. రెండో గ్లాసులో ముందుగా కాస్త లాలాజలం కలిపి, పావుగంట గోరువెచ్చగా ఉంచి, అప్పుడు అయోడిన్ వేయండి. నీలం బాగా తగ్గిపోతుంది, ఒక్కోసారి అసలే రాదు. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆల్ఫా అతుకులను కత్తిరించేసింది, అయోడిన్ దూరడానికి పొడవైన సర్పిలాలు మిగల్లేదు. అన్నాన్ని ఎక్కువసేపు నమిలితే నాలుకకు తీపి తగలడానికీ ఇదే కారణం. పరీక్ష అయ్యాక ఆ గంజిని పారబోయాలి, తాగకూడదు.

అమైలేజ్ ఎంత చురుకైనదైనా బీటా అతుకు జోలికి పోలేదు. దాన్ని తెంచే ఎంజైమ్ మన దగ్గర లేదు. మాట వరసకు ఆవు గడ్డి అరిగించుకుంటుందని అంటాం గానీ, ఆవు దగ్గరా ఆ ఎంజైమ్ లేదు. దాని పొట్టలోని మొదటి గదిలో కాపురముండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి.

కొవ్వులు: ఒక వంపు విలువ

నాలుగు కుటుంబాల్లో కొవ్వులది కాస్త వేరు దారి. ఇవి వేల చిన్న అణువులు గింజల్లా వరసగా అతికిన పొడవాటి గొలుసులు కావు. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు అతికితే ఒక కొవ్వు అణువు. మూడు అతుకులు, బయటికి పోయిన నీటి అణువులు మూడు. కొవ్వు ఆమ్లమంటే కార్బన్ల తోక. ఆ తోక ఎంత పొడవు, ఎక్కడ వంగింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, అది గడ్డకట్టే నెయ్యో, పారే నూనో చెప్పేయవచ్చు.

స్టియరిక్ ఆమ్లంలో 18 కార్బన్లు. అన్నీ ఒంటి బంధాలే, తోక నిటారుగా ఉంటుంది. నిటారు తోకలు ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా సర్దుకుంటాయి, కాబట్టి ఇది దాదాపు 69 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది. ఓలియిక్ ఆమ్లంలోనూ 18 కార్బన్లే. మధ్యలో ఒక్క చోట జంట బంధం ఉంది, అక్కడ తోక వంగుతుంది. వంగిన తోకలు దగ్గరగా సర్దుకోలేవు. అందుకే 13–14 డిగ్రీలకే ఇది కరిగి ద్రవమైపోతుంది. కార్బన్లు సమానమే, ఒక్క వంపుకు 50 డిగ్రీలకు పైగా తేడా. వేరుశనగ నూనె, నువ్వుల నూనె చలికాలంలోనూ సీసాలో పారుతూ ఉండడానికి ఇలా వంగిన తోకలే కారణం. కొబ్బరినూనెలో వంపులు తక్కువ, కానీ తోకలు పొట్టివి. అందులో ప్రధానమైన లారిక్ ఆమ్లానికి 12 కార్బన్లే. అందుకే అది రెండు స్థితుల సరిహద్దులో ఉండి, 24 డిగ్రీల దగ్గర పేరుకుంటుంది.

నూనెను నెయ్యిలా గట్టిపరచాలని చేసిన ప్రయత్నమే వనస్పతి. నూనెలోకి హైడ్రోజన్ పంపితే జంట బంధాలు తగ్గి తోకలు నిటారవుతాయి. ఆ పని సగంలో ఆపితే కొన్ని జంట బంధాలు మిగులుతాయి, వాటిలో కొన్ని పక్కకు తిరిగిపోయి వంపు పోగొట్టుకుంటాయి. జంట బంధం ఉండీ నిటారుగా ఉన్న ఈ తోకలే ట్రాన్స్ కొవ్వులు. రక్తంలో చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గించి గుండెజబ్బుకు దారితీసేవి ఇవే. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, వనస్పతి వంటి వాటిలో వీటిని 2 శాతం దాటనివ్వకూడదన్న నియమం అమలవుతోంది. ఒక వంపు తప్పిపోయినందుకు చట్టం చేయాల్సి వచ్చింది.

మూడు తోకల్లో ఒకటి తీసేసి ఆ చోట ఫాస్ఫేట్ గుంపును అతికిస్తే ఫాస్ఫోలిపిడ్. దీని తలకు నీరు ఇష్టం, రెండు తోకలకూ నీరు గిట్టదు. నీటిలో వేయగానే ఇవి రెండు వరసలుగా చేరతాయి: తలలు బయటికి, తోకలు లోపలికి. కణాన్ని చుట్టి ఉండే పొర ఇదే. 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల నుంచి కొవ్వును తీసి నీటి మీద ఒక్క అణువు మందాన పరిచారు. అది పరుచుకున్న వైశాల్యం కణాల ఉపరితలానికి దాదాపు రెట్టింపు వచ్చింది. పొర రెండు వరసలదని అలా తేలింది. దాని మందం 5 నానోమీటర్లకు అటూ ఇటూ. ఆ పల్చటి హద్దు లేకపోతే లోపలి జీవానికీ బయటి నీటికీ తేడా ఉండదు.

ప్రోటీన్లు: వరసే ఆకారం

ప్రోటీన్ల గింజలు అమైనో ఆమ్లాలు. ప్రతిదానిలోనూ నడుమ ఒక కార్బన్ ఉంటుంది. దానికి ఒక వైపు అమైనో గుంపు, ఇంకో వైపు ఆమ్ల గుంపు, మూడో వైపు ఒక హైడ్రోజన్, నాలుగో వైపు ఒక పక్కగొలుసు. అమైనో ఆమ్లానికీ అమైనో ఆమ్లానికీ తేడా తెచ్చేది ఆ పక్కగొలుసే. గ్లైసిన్‌లో అది ఒక హైడ్రోజన్ మాత్రమే. కొన్నింటిలో విద్యుదావేశం ఉంటుంది, కొన్ని నీటికి దూరంగా ఉంటాయి, సిస్టీన్‌లో సల్ఫర్ ఉంటుంది. మామూలుగా ప్రోటీన్లు కట్టడానికి వాడేవి ఇలాంటివి 20. నూరు అమైనో ఆమ్లాల గొలుసును ఎన్ని వరసల్లో కట్టవచ్చో లెక్క వేస్తే 131 అంకెల సంఖ్య వస్తుంది.

ఒక అమైనో ఆమ్లపు ఆమ్ల గుంపు తర్వాతిదాని అమైనో గుంపుతో అతికితే పెప్టైడ్ బంధం. ఈ బంధం చుట్టూ ఉన్న పరమాణువులు ఒకే తలంలో బిగుసుకుని ఉంటాయి, అక్కడ మెలి తిప్పడం కుదరదు. దానికి అటూ ఇటూ ఉన్న రెండు బంధాలు మాత్రం తిరుగుతాయి. ఎంత వరకు తిరగగలవు? పరమాణువులు ఒకదానికొకటి ఢీకొనకుండా ఏయే కోణాలు సాధ్యమో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ లెక్కగట్టి 1963లో ప్రచురించారు. రెండు కోణాలను రెండు అక్షాలుగా గీసిన ఆ పటంలో చాలా భాగం నిషిద్ధమే, అనుమతి ఉన్నవి కొద్ది ప్రాంతాలు. ప్రపంచంలో ఎక్కడ ఎవరు కొత్త ప్రోటీన్ నిర్మాణాన్ని కనుక్కున్నా, అది సరిగ్గా ఉందో లేదో చూడడానికి ఈనాటికీ రామచంద్రన్ పటం మీద పెట్టి సరిచూస్తారు.

అంతకు ముందే, 1954లో, రామచంద్రన్ గోపీనాథ్ కర్తాతో కలిసి కొల్లాజెన్ నిర్మాణాన్ని ప్రతిపాదించారు. నమూనాలు మద్రాసులోని కేంద్రీయ చర్మ పరిశోధన సంస్థ నుంచే వచ్చాయి. చర్మానికి, ఎముకకు, కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువుకు బలమిచ్చే ప్రోటీన్ ఇది. మూడు గొలుసులు మూడు పాయల జడలాగా ఒకదాన్నొకటి చుట్టుకుని ఉంటాయి. నడిమి చోటు ఎంత ఇరుకంటే గ్లైసిన్ తప్ప మరొకటి పట్టదు. అందుకే గొలుసు పొడుగునా ప్రతి మూడోదీ గ్లైసినే. ఆ చోట గ్లైసిన్‌కు బదులు కాస్త పెద్దది వచ్చి కూర్చుంటే మెలి చెదురుతుంది. చిన్న దెబ్బకే ఎముకలు విరిగే పుట్టుజబ్బులు కొన్ని ఇలాగే వస్తాయి.

ఎక్కువ ప్రోటీన్లు పొడవాటి పోగులుగా ఉండవు. గొలుసులో కొన్ని భాగాలు సర్పిలంగా చుట్టుకుంటాయి, కొన్ని పక్కపక్కన పరుచుకుంటాయి. ఆ మీదట మొత్తం గొలుసు ముడుచుకుంటుంది: నీరు గిట్టని పక్కగొలుసులు లోపలికి, నీటిని ఇష్టపడేవి బయటికి. ఈ ముడత ఎవరో పట్టుకుని మడిచినందువల్ల వచ్చిందా, వరసలోనే రాసి ఉందా? 124 అమైనో ఆమ్లాల రైబోన్యూక్లియేజ్ అనే ఎంజైమ్‌తో అమెరికాలో క్రిస్టియన్ ఆన్ఫిన్సెన్ దీన్ని తేల్చాడు. యూరియా, మరో రసాయనం కలిపి దాని ముడతలన్నీ విప్పేశాడు, ఎంజైమ్ పని ఆగిపోయింది. ఆ రసాయనాలను తీసేస్తే గొలుసు తనంతట తానే తిరిగి ముడుచుకుని పని మొదలుపెట్టింది. వరస తెలిస్తే ఆకారం అందులోనే ఉందన్నమాట. 1972లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఉడికిన గుడ్డు మాత్రం చల్లార్చితే మళ్లీ పచ్చిగుడ్డు కాదు. వేడికి విడిపోయిన గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడిపోతాయి, తిరిగి తమ ముడతలోకి వెళ్లే దారి మూసుకుపోతుంది.

న్యూక్లిక్ ఆమ్లాలు: వరసను దాచే చోటు

ప్రోటీన్ ఆకారం వరసలో ఉంటే, ఆ వరస ఎక్కడ ఉంది? డీఎన్ఏలో. దాని గింజ పేరు న్యూక్లియోటైడ్, అందులో మూడు భాగాలు: ఒక చక్కెర, ఒక ఫాస్ఫేట్, ఒక క్షారం. చక్కెర, ఫాస్ఫేట్ మారకుండా వరసగా అతుక్కుంటూ వెన్నెముకగా నిలుస్తాయి. మారేది క్షారం ఒక్కటే: అడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. రెండు పోగులు ఎదురెదురు దిశల్లో సాగుతూ మెలితిరుగుతాయి. లోపలి వైపు అడినిన్ ఎదుట థైమిన్ రెండు హైడ్రోజన్ బంధాలతో, గ్వానిన్ ఎదుట సైటోసిన్ మూడింటితో జతకడతాయి. లండన్ కింగ్స్ కాలేజీలో రోజలిండ్ ఫ్రాంక్లిన్, రేమండ్ గోస్లింగ్ 1952లో తీసిన ఎక్స్-రే చిత్రం ఈ మెలికను పట్టి ఇచ్చింది. 1953లో వాట్సన్, క్రిక్ నిర్మాణాన్ని ప్రకటించారు.

జంట జంటకూ మధ్య దూరం 0.34 నానోమీటరు. మన ఒక్కో కణంలో అలాంటివి 600 కోట్లకు పైగా ఉన్నాయి, అంటే సుమారు 2 మీటర్ల పోగు కొన్ని మైక్రాన్ల కేంద్రకంలో సర్దుకుని ఉంది. ఒక పోగులో వరస తెలిస్తే ఎదుటి పోగు వరస తెలిసిపోతుంది. జీవం తన నకలు తాను తీసుకోగలగడం ఈ కట్టుబడి వల్లే సాధ్యమైంది.

ఆర్ఎన్ఏ దీనికి తోబుట్టువు. దాని చక్కెరలో రెండో కార్బన్ దగ్గర ఒక ఆక్సిజన్ అదనం, థైమిన్ స్థానంలో యూరాసిల్. ఆ ఒక్క ఆక్సిజన్ వల్లే ఆర్ఎన్ఏ గొలుసు తేలిగ్గా తెగుతుంది. అందుకే అది కొద్దిసేపటి కబురు మోయడానికి పనికొస్తుంది. తరాల పాటు దాచాల్సిన సమాచారం డీఎన్ఏ దగ్గరే ఉంటుంది.

ఇదే అడినిన్‌కు ఆర్ఎన్ఏలోని చక్కెరను, దానికి ఒకటి కాక మూడు ఫాస్ఫేట్లను అతికిస్తే ఏటీపీ. కణంలో జరిగే పనుల్లో ఎక్కువవాటికి శక్తినిచ్చేది ఇదే. ముందు చెప్పుకున్న, నీరు వెళ్లగొట్టే అతుకులు వేయడానికి కావలసిన శక్తి చివరికి ఇలాంటి అణువుల నుంచే రావాలి. దీన్ని కండరాల నుంచి వేరు చేసినవారిలో మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతి ప్రకటించారు. 1929లో ఏటీపీని కనుక్కున్నారు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుక్కున్నాడు. ఫాస్ఫేట్ ఎక్కడుంటే అక్కడ, పొరల్లోనూ న్యూక్లిక్ ఆమ్లాల్లోనూ, సుబ్బారావు పద్ధతి ఆ తర్వాత దశాబ్దాల పాటు పరిశోధకులకు కొలత అయింది.

ఒక్క అక్షరం

ఈ కట్టుబడి ఎంత సున్నితమైనదో తెలియాలంటే ఏజెన్సీ ప్రాంతాల్లో పలకరించే ఒక జబ్బును చూడాలి. పాడేరు వైపు, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తహీనత ఉంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్‌లో నాలుగు గొలుసులు, మొత్తం 574 అమైనో ఆమ్లాలు. అందులో బీటా గొలుసు పొడవు 146. దాని జన్యువులో ఒకచోట అడినిన్ ఉండాల్సింది థైమిన్ అయింది. దాంతో గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ చేరింది. కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ 1956–57లో పట్టుకున్న తేడా ఇది.

గ్లుటామిక్ ఆమ్లానికి ఆవేశం ఉంది, నీరంటే ఇష్టం. వాలిన్‌కు నీరు గిట్టదు. అది హీమోగ్లోబిన్ పై భాగంలో పడటంతో, ఆక్సిజన్ దిగిపోయిన అణువు పక్క అణువులోని అనువైన గుంటలోకి ఆ వాలిన్‌ను దూర్చి అతుక్కుంటుంది. అణువుకు అణువు చేరి బిరుసు పోగులవుతాయి. గుండ్రటి కణం కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. బిడ్డకు భరించలేని ఒళ్లునొప్పులు, రక్తహీనత. ఇది తల్లిదండ్రుల పాపమో, ఎవరి దృష్టో కాదు. ఒక అక్షరం మారడం వల్ల ఒక అమైనో ఆమ్లం మారింది, దానివల్ల ఒక అతుకు కొత్తగా పుట్టింది.

కారణం ఇంత కచ్చితంగా తెలిసింది కాబట్టే దారులూ తెరుచుకున్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వాడేది వేరే రకం హీమోగ్లోబిన్, అందులో బీటా గొలుసే ఉండదు. పుట్టాక తగ్గిపోయే ఆ రకాన్ని తిరిగి పెంచితే పోగులు కట్టడం తగ్గుతుంది. హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే మేలు ప్రధానంగా ఇదే. ఇదే ఉద్దేశంతో రోగి మూలకణాల డీఎన్ఏను సవరించే చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. అదే ఏడు జూలైలో 2047 నాటికి ఈ జబ్బును తొలగించాలన్న జాతీయ కార్యక్రమం మన దేశంలో మొదలైంది. దాని మొదటి మెట్టు రక్తపరీక్ష. జబ్బు లేకపోయినా జన్యువును మోస్తున్నవారు ఇద్దరు పెళ్లాడితే, పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ సంగతి ముందే తెలుసుకునే హక్కు ప్రతి గూడెంలోని యువతీయువకులకు ఉంది.

అణువుల నిర్మాణం పరీక్ష కోసం బట్టీపట్టే బొమ్మల వరస అనిపిస్తే, మనం దాన్ని సరిగ్గా చదవలేదన్నమాట. పొలంలో గింజకూ గడ్డికీ, సీసాలో నూనెకూ వనస్పతికీ, రక్తంలో ఆరోగ్యానికీ జబ్బుకూ తేడాను తేల్చేది ఆ నిర్మాణమే. ఇక ఈ అతుకులను వేసేదీ, తెంచేదీ ఎంజైమ్‌లు. గంజిలోని నీలాన్ని మాయం చేసిన అమైలేజ్ లాంటివి తమ అతుకును అంత కచ్చితంగా ఎలా గుర్తుపడతాయో వచ్చే అధ్యాయంలో చూద్దాం.